ఒక కమాండ్, మూడు ప్రశ్నలు: ఎఫ్ఎఫ్ఎంపెగ్ వీడియోని ఎలా చదువుతుంది, ఎలా పంపుతుంది

షాపులోనో ఇంటి గేటు దగ్గరో బిగించే సీసీ కెమెరాలు చాలావాటికి సొంత అడ్రస్ ఉంటుంది. ఆర్‌టీఎస్‌పీ అనే అక్షరాలతో మొదలై, యూజర్ నేమ్, పాస్‌వర్డ్, ఐపీ నంబరు, 554 అనే పోర్ట్ వరుసగా వస్తాయి. ఆ అడ్రస్ వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో వేస్తే బొమ్మ వస్తుంది. క్రోమ్‌లో వేస్తే రాదు. యూట్యూబ్ లైవ్‌కి పంపబోతే ఒక కెమెరాతో ఇట్టే వెళ్తుంది, పక్క షాపువాళ్ళ కెమెరాతో మొరాయిస్తుంది. నెట్‌లో వెతికితే ఎఫ్ఎఫ్ఎంపెగ్ కమాండ్ ఒకటి దొరుకుతుంది. దాన్ని అలాగే అతికిస్తే ఒకరికి పని జరుగుతుంది, మరొకరికి స్క్రీన్ నిండా ఎర్రర్లు.

ఈ గందరగోళంలో చాలా భాగానికి కారణం ఒకటే. వీడియో ఏ దారిన వస్తోంది, ఏ పెట్టెలో వస్తోంది, ఎలా కుదించి ఉంది అనేవి మూడు వేరు వేరు ప్రశ్నలు. మనం మూడింటినీ కలిపి "వీడియో ఫార్మాట్" అనేస్తాం. ఎఫ్ఎఫ్ఎంపెగ్ మాత్రం మూడింటికీ విడివిడిగా జవాబు వెతుక్కుంటుంది.

ఈ పనిముట్టు ఏమిటి

ఫ్రెంచ్ ప్రోగ్రామర్ ఫాబ్రీస్ బెల్లార్ 2000లో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇది. విండోలు, బటన్లు ఉండవు. టెర్మినల్‌లో టైప్ చేయాల్సిందే. ఇందులో మూడు కమాండ్లు ఉన్నాయి: వీడియోని మార్చి పంపేది ఎఫ్ఎఫ్ఎంపెగ్, లోపల ఏముందో చెప్పేది ఎఫ్ఎఫ్‌ప్రోబ్, ప్లే చేసి చూపించేది ఎఫ్ఎఫ్‌ప్లే. అసలు బలం మాత్రం వీటి వెనకున్న లైబ్రరీలది, అంటే వేరే ప్రోగ్రాములు కూడా వాడుకోగలిగే కోడ్ భాగాలది. వీఎల్‌సీ, ఓబీఎస్ లాంటి ప్రోగ్రాములు, క్రోమ్ బ్రౌజర్ కూడా తమ పనిలో కొంత వీటితోనే నెట్టుకొస్తాయి. 2021లో పర్సివరెన్స్ రోవర్ అంగారకుడి మీద దిగినప్పుడు తీసిన వీడియోని అక్కడికక్కడే కుదించడానికి నాసా వాడింది కూడా ఎఫ్ఎఫ్ఎంపెగ్‌నే. కాబట్టి టెర్మినల్ ఎప్పుడూ తెరవనివాళ్ళు కూడా రోజూ దీన్ని వాడుతూనే ఉన్నారు, తెలియకుండా.

దారి, పెట్టె, కుదింపు

మొదట కుదింపు సంగతి. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో 1920×1080 చుక్కలుంటాయి, అంటే సుమారు 20.7 లక్షలు. మామూలుగా వాడే 4:2:0 రంగుల పద్ధతిలో చుక్కకి సగటున ఒకటిన్నర బైట్లు. సెకనుకి 25 ఫ్రేములంటే దాదాపు 78 మెగాబైట్లు, అంటే 620 మెగాబిట్ల పైమాట. మామూలుగా ఇంటికి వచ్చే ఇంటర్నెట్ దీన్ని మోయలేదు. అందుకే కెమెరా లోపలున్న చిప్ దాన్ని 4 మెగాబిట్లకి, అంటే నూట యాభయ్యో వంతు కంటే తక్కువకి కుదిస్తుంది. ఆ కుదించే పద్ధతినే కోడెక్ అంటారు. 2003లో వచ్చిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్.265, 2018 నాటి ఏవీ1 ఈ కోవలోవి.

అలా కుదించిన బొమ్మల్ని, శబ్దాన్ని, వాటి టైమింగ్‌ని కలిపి ఉంచేది కంటైనర్: ఎంపీ4, ఎంకేవీ, ఎఫ్ఎల్‌వీ, ఎంపెగ్-టీఎస్. ఫైల్ పేరు చివర ఎంపీ4 అని ఉందంటే పెట్టె ఏదో తెలిసిందంతే. లోపల హెచ్.264 ఉందో హెచ్.265 ఉందో దాన్నిబట్టి చెప్పలేం.

ఇక దారి అంటే ప్రోటోకాల్. కెమెరాలు ఎక్కువగా ఆర్‌టీఎస్‌పీ మాట్లాడతాయి. యూట్యూబ్, ఫేస్‌బుక్ లైవ్‌లకి వీడియో పంపే పాత దారి ఆర్‌టీఎంపీ. అది ఫ్లాష్ కాలంలో పుట్టింది. 2020 చివర్లో ఫ్లాష్ పోయినా ఇది మాత్రం అలాగే నిలబడింది. ఫోన్లకీ బ్రౌజర్లకీ వీడియో చేరవేయడానికి ఆపిల్ 2009లో తెచ్చిన హెచ్ఎల్ఎస్ ఉంది.

ఇప్పుడు మొదటి చిక్కుముడి దానంతటదే విడుతుంది. క్రోమ్‌కి ఆర్‌టీఎస్‌పీ దారి తెలియదు, కాబట్టి కోడెక్ ఏదైనా అక్కడ బొమ్మ రాదు. వీఎల్‌సీకి తెలుసు. యూట్యూబ్ విషయంలో తేడా దారిది కాదు. ఆర్‌టీఎంపీ వాడే పాత ఎఫ్ఎల్‌వీ పెట్టెలో హెచ్.265కి చోటే లేదు. మీ కెమెరా హెచ్.264 పంపుతుంటే వెళ్ళిపోయింది, పక్క షాపు కెమెరా హెచ్.265 పంపుతుంటే ఆగిపోయింది. 2023లో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఆర్‌టీఎంపీ ఆ చోటు కల్పించింది గానీ, పంపేవాడికీ అందుకునేవాడికీ ఇద్దరికీ అది తెలిసి ఉండాలి. పాత వెర్షన్ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో ప్రయత్నించి కుదరడం లేదనేవాళ్ళలో చాలామంది ఇరుక్కునేది ఇక్కడే.

ప్రోబ్ చెప్పే ఒక లైన్‌ని చదివితే

ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌కి కెమెరా అడ్రస్ ఇస్తే చాలా లైన్లు వస్తాయి. వాటిలో పనికొచ్చేది ఒకటి. తెలుగు అక్షరాల్లో రాస్తే ఇలా ఉంటుంది:

వీడియో: హెచ్264, వైయూవీ420పి, 1920×1080, 25 ఎఫ్‌పీఎస్, 90కె టీబీఎన్

మొదటి నాలుగూ పైన చూసినవే (వైయూవీ420పి అంటే ఆ 4:2:0 రంగుల పద్ధతే). చివరిది మాత్రం చాలామంది వదిలేస్తారు, తర్వాత తలనొప్పి తెచ్చేది కూడా అదే. టీబీఎన్ అంటే కాలాన్ని కొలిచే కొలమానం. ఇక్కడ సెకనుని 90,000 ముక్కలు చేశారు. సెకనుకి 25 ఫ్రేములు కాబట్టి ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య 3,600 ముక్కల దూరం ఉండాలి. ప్రతి ఫ్రేము మీదా "నన్ను ఈ క్షణాన చూపించు" అని ఒక అంకె రాసి ఉంటుంది. నెట్‌వర్క్ తడబడి కెమెరా ఆ అంకెని వెనక్కి వేసిందనుకోండి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ 'డీటీఎస్ వరుసలో లేదు' అనే అర్థంతో హెచ్చరిక ఇస్తుంది. డీటీఎస్ అంటే ఫ్రేముని విప్పాల్సిన క్షణం, పీటీఎస్ అంటే చూపించాల్సిన క్షణం. కొన్ని ఫ్రేముల్ని విప్పాలంటే వాటి తర్వాత చూపించాల్సిన ఫ్రేము ముందే చేతిలో ఉండాలి. అందుకే రెండు అంకెలు.

ఎంపెగ్-టీఎస్ పెట్టెలో ఈ అంకెకి 33 బిట్ల చోటే ఉంది. సెకనుకి 90,000 చొప్పున లెక్కిస్తే సుమారు 26న్నర గంటలకి అది నిండిపోయి మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ మామూలుగా దీన్ని సర్దుకుంటుంది. అయినా రోజుల తరబడి ఆగకుండా నడిచే స్ట్రీమ్ రెండో రోజు పొద్దున వింతగా ప్రవర్తిస్తే, అనుభవం ఉన్నవాళ్ళు ముందు చూసే చోట్లలో ఇదొకటి.

కమాండ్‌లో ఏది ముందు, ఏది వెనక

కమాండ్ ఆకారం ఇంతే: ప్రోగ్రామ్ పేరు, ఇన్‌పుట్ ఆప్షన్లు, హైఫన్-ఐ, ఇన్‌పుట్ అడ్రస్, ఔట్‌పుట్ ఆప్షన్లు, ఔట్‌పుట్ అడ్రస్. ఏ ఆప్షన్ అయినా తన తర్వాత వచ్చే ఇన్‌పుట్‌కో ఔట్‌పుట్‌కో వర్తిస్తుంది. అందుకే అవే పదాల్ని అటూ ఇటూ మారిస్తే అర్థం మారిపోతుంది.

రెండు గంటల పెళ్ళి వీడియోలో గంటా నలభై ఐదో నిమిషం నుంచి కావాలనుకుందాం. హైఫన్-ఎస్ఎస్ అనే ఆప్షన్‌ని ఇన్‌పుట్‌కి ముందు పెడితే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఆ చోటికి ఒక్క గెంతు వేస్తుంది. ఇన్‌పుట్ తర్వాత పెడితే మొదటి నుంచీ చదువుకుంటూ వచ్చి, ఆ గంటా నలభై ఐదు నిమిషాల సరుకంతా పారేసి, అప్పుడు మొదలుపెడుతుంది.

ఇంకోటి హైఫన్-ఆర్ఈ. ఫైల్‌ని లైవ్‌గా పంపేటప్పుడు ఇది లేకపోతే, ఎఫ్ఎఫ్ఎంపెగ్ తనకి చేతనైనంత వేగంగా ఫైల్‌ని నెట్టేస్తుంది. అవతల సర్వర్‌కి ఊపిరాడదు. ఇది ఉంటే వీడియో నడిచే వేగంతోనే చదువుతుంది. కెమెరా లాంటి నిజమైన లైవ్ సోర్స్‌కి మాత్రం దీన్ని వాడొద్దని ఎఫ్ఎఫ్ఎంపెగ్ డాక్యుమెంటేషనే చెబుతుంది. కెమెరా ఎలాగూ తన వేగంతో పంపుతోంది, చదివేవాడు కూడా బ్రేకులు వేస్తే మధ్యలో ప్యాకెట్లు పోవచ్చు. నెట్‌లో దొరికే సీసీ కెమెరా కమాండ్లలో అనవసరంగా తగిలించి ఉండే ఆప్షన్ ఇదే.

కాపీ చేయాలా, మళ్ళీ ఎన్‌కోడ్ చేయాలా

ఖర్చంతా ఈ నిర్ణయంలోనే ఉంది. కూరని ఒక క్యారియర్‌లోంచి ఇంకో క్యారియర్‌లోకి మార్చడం వేరు, మళ్ళీ పొయ్యి మీద పెట్టి వండటం వేరు. 'సీ కాపీ' అంటే మొదటిది. కుదించిన బొమ్మల్ని విప్పకుండా ఒక పెట్టెలోంచి తీసి ఇంకో పెట్టెలో పెట్టడమే కాబట్టి చిన్న కంప్యూటర్ కూడా తేలిగ్గా చేసేస్తుంది, నాణ్యత ఒక్క చుక్క కూడా తగ్గదు. రెండోది, అంటే విప్పి మళ్ళీ కుదించడం, ప్రాసెసర్‌ని బాగా తినేస్తుంది, నాణ్యత కూడా కొంత పోతుంది.

అలాగైతే ఎప్పుడూ కాపీయే చేయొచ్చుగా అనేవాళ్ళున్నారు. కెమెరాని మనమే సెట్ చేసుకోగలిగితే వాళ్ళ మాట చాలావరకు నిజం. కానీ కాపీకి ఒక మెలిక ఉంది, కీఫ్రేమ్. కుదించిన వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ వస్తుంది, మిగతావన్నీ మిగతా ఫ్రేములతో పోల్చి తేడాల్ని మాత్రమే చెబుతాయి. ఆ పూర్తి బొమ్మే కీఫ్రేమ్. యూట్యూబ్ లైవ్ రెండు సెకన్లకొక కీఫ్రేమ్ అడుగుతుంది, నాలుగు దాటొద్దంటుంది. సెకనుకి 25 ఫ్రేములైతే ప్రతి 50 ఫ్రేములకి ఒకటన్నమాట. స్టోరేజీ మిగలడానికి కొన్ని కెమెరాలు 'స్మార్ట్ కోడెక్' పేరుతో ఈ దూరాన్ని బాగా సాగదీస్తాయి. అలాంటి ప్రవాహాన్ని కాపీ చేసి పంపితే ఆ సాగిన దూరం కూడా అలాగే వెళ్తుంది. దాన్ని సరిచేయాలంటే కెమెరా సెట్టింగ్ మార్చాలి, లేదా మళ్ళీ ఎన్‌కోడ్ చేయాలి. మూడో దారి లేదు. పెళ్ళి వీడియోని కాపీతో కత్తిరించినప్పుడు కోత అనుకున్న చోట కాకుండా సెకనో రెండు సెకన్లో అటూ ఇటూ పడటానికీ కారణం ఇదే.

శబ్దం ఇంకో చిక్కు. చాలా సీసీ కెమెరాలకి మైక్ ఉండదు. ఆడియో ట్రాక్ అసలే లేని ప్రవాహంతో యూట్యూబ్ సరిగా నడవకపోవచ్చు. అందుకే అలాంటి కమాండ్లలో 'ఏ-నల్-సోర్స్' అనే రెండో ఇన్‌పుట్ కనిపిస్తుంటుంది. అది ఉత్త నిశ్శబ్దాన్ని పుట్టిస్తుంది, దాన్ని ఏఏసీ అనే ఆడియో కోడెక్‌తో కుదించి వీడియోకి జోడిస్తారు. వినపడనిదాన్ని కుదించి పంపడం నవ్వు తెప్పించినా, పని జరుగుతుంది.

డేటా లెక్క కూడా చూద్దాం. 4 మెగాబిట్ల ప్రవాహం రోజంతా నడిస్తే 43.2 జీబీ, నెలకి దాదాపు 1,300 జీబీ. అన్‌లిమిటెడ్ అని రాసే ఇంటి ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి నెలకి 3,300 జీబీ దగ్గర పరిమితి ఉంటుంది. ఒక కెమెరాకి ఇబ్బంది లేదు, మూడు పెడితే దాటేస్తుంది.

లైవ్ అంటారు గానీ వెనకబడుతుందెందుకు

గుంటూరులో ఫంక్షన్ హాల్ నుంచి పెళ్ళిని లైవ్ పెడితే, ఇక్కడ మూడో ముడి పడ్డాక డాలస్‌లో ఉన్న పిన్నిగారికి మొదటి ముడి కనపడుతుంది. దానికి చాలామంది ఇంటర్నెట్ స్పీడ్‌ని తిడతారు. సముద్రాలు దాటడానికి పట్టేది సెకనులో చిన్న భాగమే. అసలు ఆలస్యం పద్ధతిలోనే ఉంది.

హెచ్ఎల్ఎస్ వీడియోని చిన్న చిన్న ముక్కలు చేసి, ఆ ముక్కల జాబితాని ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో రాస్తుంది. ముక్క ఆరు సెకన్లు ఉండాలని ఆపిల్ సూచన. ప్లేయర్ జాబితా చివరి నుంచి కనీసం మూడు ముక్కల నిడివి వెనక నుంచే మొదలుపెట్టాలని 2017లో వచ్చిన హెచ్ఎల్ఎస్ ప్రమాణపత్రం చెబుతుంది. ఆరు మూళ్ళు పద్దెనిమిది సెకన్లు. ముక్క తయారవడానికి, ఎన్‌కోడ్ అవడానికి పట్టే సమయం దీని పైన. ముక్కని రెండు సెకన్లకి తగ్గిస్తే ఆ పద్దెనిమిది ఆరవుతుంది. అయితే ప్రతి ముక్కా కీఫ్రేమ్‌తో మొదలవ్వాలి కాబట్టి రెండు సెకన్లకొక కీఫ్రేమ్ కావాలి, నెట్ కాస్త తడబడినా చక్రం తిరగడం మొదలవుతుంది. ఆలస్యం తగ్గాలా, ఆగకుండా రావాలా అన్నది ఇంజనీర్ల మధ్య ఎప్పటికీ తెగని వాదన. పెళ్ళికి ఇరవై సెకన్లు పోతే పోయింది. వేలంపాటకీ వీడియో కాల్‌కీ అలా కుదరదు. అలాంటి వాటికి వెబ్‌ఆర్‌టీసీ వాడతారు. 2025 ఆగస్టులో వచ్చిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ 8.0లో ఆ దారిన పంపే వీలు కూడా చేర్చారు.

కెమెరా వైపు కూడా ఇలాంటి తగువే ఒకటుంది, నెట్‌వర్క్‌లో ప్యాకెట్లని మోసే రెండు పద్ధతుల్లో యూడీపీనా టీసీపీనా అని. ఆర్‌టీఎస్‌పీలో ఎఫ్ఎఫ్ఎంపెగ్ ముందు యూడీపీ ప్రయత్నిస్తుంది. దారిలో పోయిన ప్యాకెట్‌ని అది మళ్ళీ అడగదు, కాబట్టి ఆలస్యం తక్కువ. వైఫై బలహీనంగా ఉంటే మాత్రం బొమ్మ సగం బూడిద రంగులోకి జారిపోయి, తర్వాతి కీఫ్రేమ్ వచ్చేదాకా అలాగే ఉంటుంది. టీసీపీ పోయినదాన్ని మళ్ళీ తెప్పిస్తుంది, ఆ మేరకు ఆలస్యమవుతుంది. రికార్డింగ్‌కి టీసీపీ, కళ్ళముందు గేటు తీయడానికి యూడీపీ అనేది నాకు సబబుగా తోచే పంపకం.

తెలియని సోర్స్‌ని చదివితే

ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఫైల్ పేరుని పెద్దగా నమ్మదు. మొదటి కొంత భాగం చదివి, ఇది ఏ పెట్టె అయ్యుంటుందో ఊహిస్తుంది. పేరు తప్పున్న ఫైల్ కూడా తెరుచుకునేది అందుకే. అదే గుణం దాడి చేసేవాడికీ పనికొస్తుంది.

2016 జనవరిలో బయటపడిన లోపం దీనికి మంచి ఉదాహరణ. ఒక వెబ్‌సైట్ జనం ఎక్కించిన వీడియోల్ని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో మారుస్తోందనుకోండి. ఎవరో వీడియో పేరుతో ఒక హెచ్ఎల్ఎస్ జాబితాని ఎక్కిస్తారు. జాబితాలో 'తర్వాతి ముక్క ఈ అడ్రస్‌లో ఉంది' అని రాయొచ్చు కదా, అక్కడ సర్వర్‌లోనే ఉన్న రహస్య ఫైల్ దారి రాస్తారు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అమాయకంగా దాన్ని చదివి, ఆ అక్షరాల్ని ఇంకో అడ్రస్‌కి తగిలించి బయటికి పంపేస్తుంది. ఇప్పుడు ఏ సోర్స్ ఏ దారుల్ని వాడొచ్చో నియంత్రించే 'ప్రోటోకాల్ వైట్‌లిస్ట్' ఉంది. హెచ్ఎల్ఎస్ జాబితా తెరిచేటప్పుడు "ఈ ప్రోటోకాల్ వైట్‌లిస్ట్‌లో లేదు" అని వచ్చే ఎర్రర్‌ని విసుక్కుంటూ అన్నిటికీ అనుమతి ఇచ్చేసేవాళ్ళు తీసేస్తున్నది ఈ తాళాన్నే.

పాస్‌వర్డ్ సంగతి కూడా ఉంది. కెమెరా అడ్రస్‌లోనే పాస్‌వర్డ్ ఉంటుంది కాబట్టి అది టెర్మినల్ హిస్టరీలో మిగిలిపోతుంది. కమాండ్ నడుస్తున్నంతసేపూ అదే కంప్యూటర్ వాడే ఇంకొకరికి ప్రాసెస్‌ల జాబితాలో కనిపించొచ్చు.

ఓటీటీ సినిమాల్ని కూడా దీంతో దింపుకోవచ్చని ఒక అపోహ ఉంది. మామూలు హెచ్ఎల్ఎస్‌లో తాళంచెవి అడ్రస్ జాబితాలోనే ఉంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ తెరవగలదు. ఓటీటీలు కాపీ కాకుండా వేసే డీఆర్ఎం తాళాలు వేరు. వాటిని ఇది తీయదు.

బగ్ దొరికితే ఎవరు బాగు చేయాలి

2025 చివర్లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ పేరు వార్తల్లోకి ఎక్కింది ఈ గొడవతోనే. గూగుల్‌కి చెందిన బిగ్ స్లీప్ అనే ఏఐ వ్యవస్థ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో లోపం కనిపెట్టింది. అది ఉన్నది లూకాస్ఆర్ట్స్ కంపెనీ 1990లనాటి వీడియో గేముల్లో వాడిన స్మష్ అనే కోడెక్‌ని విప్పే భాగంలో. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని నడిపే వాలంటీర్లు దాన్ని సరిచేశారు, సరిచేసి అసంతృప్తినీ బయటపెట్టారు. లక్షల కోట్ల కంపెనీలు మెషీన్లతో బగ్గులు వెతికి, గడువు పెట్టి మా నెత్తిన పడేస్తున్నాయి, ప్యాచ్ (సరిచేసిన కోడ్) అయినా పంపండి, డబ్బైనా ఇవ్వండి అన్నది వాళ్ళ వాదన.

బగ్గులు వెతికేవాళ్ళ మాటలోనూ పస ఉంది. స్మష్ ఎవరూ వాడరు నిజమే, కానీ పైన చెప్పినట్టు ఎఫ్ఎఫ్ఎంపెగ్ పేరుని కాదు, లోపలి సరుకుని చూసి నిర్ణయిస్తుంది. ఎంపీ4 అని పేరు పెట్టిన ఫైల్ ఆ పాత కోడ్‌ని నిద్రలేపగలదు. లోపం ఉందని చెప్పకపోతే పోదు, దాచితే ఇంకొకరు కనిపెడతారు. అయితే ఈ వాదన 'ఎవరు కనిపెట్టాలి' అన్నదానికి జవాబు చెబుతుందే తప్ప, 'ఎవరు డబ్బు పెట్టి బాగుచేయాలి' అన్నదానికి చెప్పదు. నా మొగ్గు వాలంటీర్ల వైపే. వాడకుండా ఉన్న పాత కోడెక్‌లని మామూలు బిల్డ్ (అందరికీ అందే ప్రోగ్రామ్) లోంచి తీసేయడం మాత్రం వాళ్ళ చేతిలోనే ఉంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని కంపైల్ చేసేటప్పుడు, అంటే కోడ్ నుంచి ప్రోగ్రామ్‌ని తయారుచేసేటప్పుడు, కావలసిన కోడెక్‌లని మాత్రమే ఉంచుకునే వీలు ఎప్పటినుంచో ఉంది, జాగ్రత్తపరులైన సంస్థలు అలాగే చేస్తాయి.

డబ్బు విషయంలో మన దేశం నుంచి కూడా ఒక చేయి పడింది. బెంగళూరు కంపెనీ జెరోధా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల కోసం ఏడాదికి పది లక్షల డాలర్లతో నడిపే ఫ్లాస్ ఫండ్ 2025లో ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి లక్ష డాలర్లు ఇచ్చింది.